గ్రీకు మన పల్లెకెందుకు?

"గ్రీకా? అదేం కూడు పెడతదయ్యా?" అని అడుగుతున్నారు మన పెద్దలు. డిగ్రీ పాసైన పిల్లో పిల్లోడో దైవశాస్త్ర కళాశాలలో చేరి గ్రీకు నేర్చుకుంటానన్నా, ఎమ్మేలో పాత భాషలు చదువుతానన్నా ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. అడగడంలో తప్పులేదు. మిరపకాయల కోతకు గుంటూరు వైపు పిల్లాజెల్లాతో వలసపోయి, పత్తి తీసి తీసి నడుములు పడిపోయి, ఆ కూలిడబ్బుల్తో పిల్లల్ని చదివించిన అమ్మానాయనలు లెక్క అడగాల్సిందే. సింగరాయకొండ చుట్టుపక్కల బడిపంతుళ్ళుగా బతుకుతున్న మేము, మా ఇళ్ళల్లో మొట్టమొదట డిగ్రీ పట్టా చూసిన మేము, ఆ లెక్క అప్పజెప్పడానికే ఇది రాస్తున్నాం.

మా మాట ముందే చెప్తన్నాం. పాత భాషలు ఎవరి అబ్బసొత్తూ కాదు. గ్రీకు గానీ, సంస్కృతం గానీ, నన్నయనాటి తెలుగు గానీ కష్టపడి నేర్చుకున్నోళ్ళవి. మన పిల్లలు వాటిని నేర్చుకోవాలి. ఎందుకంటే పాత పుస్తకానికి అర్థం చెప్పే హక్కు ఎవడి చేతిలో వుంటే, ఆ పుస్తకం పేరుతో మన మీద పెత్తనం కూడా వాడి చేతిలోనే వుంటుంది.

ఇంకో నిజం కూడా చెప్పుకుందాం. గ్రీకు మన పల్లెలకు కొత్తది కాదు. ధాత కరువు రోజుల్లో, 1876-78లో, ఒంగోలులో వున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకుని మన తాతముత్తాతలకు పని చూపించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఇంతమందికి బోధకులు కావాలి. మన సింగరాయకొండకు దక్షిణాన, సముద్రం ఒడ్డున వున్న రామాయపట్నంలో 1870ల్లోనే సెమినరీ పెట్టి మన వాళ్ళకు తర్ఫీదిచ్చారు. ఆ తర్వాత 1964లో అనేక సంఘాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ మొదలుపెట్టాయి. అది తర్వాత హైదరాబాదుకు మారింది. అక్కడ చదివేవాళ్ళకు పట్టా ఇచ్చేది సెరాంపూర్. 1827లో డెన్మార్క్ రాజు రాసిచ్చిన సనదుతో డిగ్రీలిచ్చే అధికారం పొందిన సంస్థ అది. దాని బి.డి. చదువులో కొత్త నిబంధన గ్రీకు కూడా ఒక పాఠ్యాంశం. అట్టా ఈ రాష్ట్రంలో సంస్కృతం అగ్రహారం గడప దాటకుండా వున్న కాలం తర్వాత, గ్రీకు మాత్రం మాల మాదిగ పిల్లల పలకల మీదికి వొచ్చింది. ఇది మన చరిత్ర. దీన్ని మనమే పట్టించుకోలేదు.

మేము మతం గురించి రాయడంలేదు. చర్చికి పోయేవాళ్ళూ, బుద్ధుడి దారి పట్టినవాళ్ళూ, ఏ గుడికీ పోనివాళ్ళూ ఈ పత్రిక చదువుతున్నారు. మేము రాస్తున్నది భాష గురించి, దాని మీద పెత్తనం గురించి.

ఆ కాలేజీల్లో మన పిల్లలు నేర్చుకునే గ్రీకు ఏ గ్రీకు? ఏథెన్సు పండితుల గ్రీకు కాదు. దాని పేరు 'కొయినే'. అంటే ఉమ్మడిది అని అర్థం, ఊరుమ్మడి చెరువు మాదిరి. అలెగ్జాండర్ దండయాత్రల తర్వాత ఈజిప్టు నుంచి సిరియా దాకా అంగట్లో, రేవుల్లో, పటాలాల్లో జనం మాట్లాడుకున్న గ్రీకు అది. కొత్త నిబంధనలోని 27 పుస్తకాలూ ఆ గ్రీకులోనే వున్నాయి. లూకా లాంటివాళ్ళు కాస్త చదువుకున్న పద్ధతిలో రాశారు, మార్కు మోటుగా రాశాడు. కానీ ప్లేటో రాసిన తీరు మాత్రం ఎవరిదీ కాదు. యూరపు పండితులకు ఇది మింగుడుపడలేదు. దేవుడి పుస్తకం ఇంత నాటుగా వుంటదా అని తలలు పట్టుకున్నారు. కొందరైతే ఇది పరిశుద్ధాత్మ ప్రత్యేకంగా తయారుచేసుకున్న భాష అన్నారు.

ఆ వాదం ఈజిప్టు చెత్తకుప్పల్లో కొట్టుకుపోయింది. 19వ శతాబ్దం చివర ఆ ఎడారి ఇసకలో వేల ఏళ్ళనాటి పపైరస్ కాగితాలు గుట్టలుగా బయటపడ్డాయి. అవి కావ్యాలే కావు. కూలి ఒప్పందాలు, కౌలు కాగితాలు, పన్ను రసీదులు, ఊరు విడిచిపోయిన కొడుకు తల్లికి రాసుకున్న ఉత్తరాలు కూడా. జర్మనీ పండితుడు అడోల్ఫ్ డైస్‌మన్ 1895 నుంచి వీటిని కొత్త నిబంధనతో పోల్చి చూపించాడు. పుస్తకంలో వున్నదీ, రసీదులో వున్నదీ ఒకటే భాష అని తేలింది. అంటే ఏమిటి? లోకంలో కోట్లమంది నెత్తిన పెట్టుకున్న పుస్తకం కష్టజీవుల నోటి మాటలో రాసిందన్నమాట. పెద్ద భాషలో వుంటేనే పెద్ద పుస్తకమన్న మాటకు అంతకంటే పెద్ద చెంపపెట్టు ఏముంది?

ఒక ఉదాహరణ చూడండి. 'మిస్థోస్' అని ఒక గ్రీకు మాట. దాని అర్థం కూలి. పని చేయించుకున్నవాడు చేసినవాడికి ఇవ్వాల్సిన డబ్బు. ఇప్పుడు మన చర్చీల్లో ఎక్కువగా చదివే పాత తెలుగు అనువాదం తీయండి. ద్రాక్షతోట కూలోళ్ళ కథలో, మత్తయి 20వ అధ్యాయంలో, ఆ మాటను కూలి అనే తెలిగించారు. లూకా 10లో పనివాడికి రావాల్సినదాన్ని చెప్పేటప్పుడు అదే మాట జీతమయింది. మత్తయి 6లో, నలుగురికీ కనపడేలా దానధర్మాలు చేసేవాళ్ళ గురించి చెప్పేచోట, అదే మాట ఫలమయింది. గ్రీకులో మూడుచోట్లా ఒకటే మాట. అంతేకాదు, మత్తయి 6లో దాని పక్కన వున్న క్రియ 'అపెఖో'. ఈజిప్టు రసీదుల్లో సొమ్ము పూర్తిగా ముట్టిందని రాసుకున్న మాట అదే. కాబట్టి అక్కడ చెబుతున్నది ఏందంటే, గొప్పకోసం దానం చేసేవాడి కూలి వాడికి ముట్టిపోయింది, రసీదు చింపేశారు, ఇంక బాకీ లేదు అని. ఎంత సూటిగా వుంది! మేస్త్రీ దగ్గర పుస్తకంలో వేలిముద్ర వేసి కూలి తీసుకున్న మా అమ్మకు అది ఒక్కసారి చెబితే చాలు, అర్థమైపోతుంది. ఫలము అన్నప్పుడు మాత్రం అది కూలి అని ఆమెకు ఎట్టా తెలుస్తది? ఫలము పైనుంచి దయతో వొచ్చేది. కూలి కష్టపడి అడిగి తీసుకునేది. ఈ రెండిటి మధ్య తేడా మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఆ మాట ఇంకోసారి వస్తుంది. చేలు కోసినవాళ్ళ కూలి ఎగ్గొట్టిన ఆసాములను నిలదీసే చోట. అక్కడ కూలి అనే తెలుగులో వుంది. మరి ఆ అధ్యాయం మన పల్లెల్లో ఎన్ని ఆదివారాలు చదివారో గుర్తుచేసుకోండి. అట్నే 'దూలోస్' అని ఇంకో మాట. సంతలో కొనే బానిస అని దాని అర్థం. పౌలు తనను తాను ఆ మాటతోనే చెప్పుకున్నాడు. తెలుగులో అది దాసుడైంది. దాసుడంటే మనకు భజన గుర్తొస్తుంది గానీ సంకెల గుర్తురాదు. ఆనాటి మిషనరీలు పండితుల దగ్గర తెలుగు నేర్చుకున్నారు, పుస్తకమంటే గ్రాంథికమే అన్న కాలమది. కుట్ర అని మేము అనడంలేదు. ఎవరి తెలుగు చేతికందితే ఆ తెలుగులోకి పుస్తకం పోయింది. గ్రీకు తెలిసిన కూలోడి బిడ్డ ఆ బల్ల దగ్గర వుండివుంటే ఆ మాటలు వేరేగా వుండేవి అంటున్నాం.

ఇదంతా కొయినే సంగతి. యూరపులో, అమెరికాలో విశ్వవిద్యాలయాల్లో గ్రీకు చదివేవాళ్ళు అక్కడితో ఆగరు. వాళ్ళకు ఇంకో పాఠం వుంది. అది సాహిత్య మాండలికాల పాఠం. మన వాళ్ళు తప్పకుండా వినాల్సింది అదే.

పాత గ్రీకు ఒకటి కాదు. ఏథెన్సు వాళ్ళది అట్టిక్. ఈజియన్ సముద్రం తూర్పు ఒడ్డున అయోనిక్. లెస్బోస్ దీవిలో ఎయోలిక్. స్పార్టా, క్రీటు, సిసిలీల్లో డోరిక్. అమ్మను ఏథెన్సులో 'మేతేర్' అంటే, డోరిక్‌లో 'మాతేర్' అంటారు. నాలుకను ఏథెన్సులో 'గ్లోత్త' అంటే, అయోనిక్‌లో 'గ్లోస్స' అంటారు. మనం ఏంది, ఏంటి, ఏమిటి అన్నట్టు. వీటిల్లో ఏదీ తప్పు గ్రీకు కాదు. హోమర్ ఇతిహాసాలు అయోనిక్ మీద ఎయోలిక్ కలిసిన భాషలో వున్నాయి. క్రీ.పూ. 600 ప్రాంతంలో సాఫో అనే ఆడమనిషి తన దీవి మాటలోనే పాటలు కట్టింది. ఏథెన్సు నాటకాల్లో పాత్రలు అట్టిక్ మాట్లాడితే, బృందం పాడే పాటలకు డోరిక్ రంగు పూశారు.

ఇందులో అసలు విషయం ఒకటుంది. ఆ మాండలికాలు రాసేవాడి పుట్టుకను బట్టి కాదు, రాసే రచనను బట్టి నడిచాయి. హెరొడొటస్ పుట్టిన హాలికర్నాసస్ డోరియన్ల ఊరు, కానీ చరిత్ర రాసింది అయోనిక్‌లో. పిండార్ పుట్టింది థీబ్స్‌లో, కట్టిన పాటలు డోరిక్ రంగులో. క్రీ.శ. 2వ శతాబ్దంలో అర్రియన్ అనే ఒకే మనిషి మూడు రకాల గ్రీకు రాశాడు. బానిసగా పుట్టి తత్వవేత్త అయిన ఎపిక్టెటస్ మాటలను కొయినేలో రాసిపెట్టాడు. అలెగ్జాండర్ చరిత్రను అట్టిక్‌లో రాశాడు. మన దేశం గురించి 'ఇండికా' అనే పుస్తకాన్ని అయోనిక్‌లో రాశాడు. ఎవరూ నీ కులమేంది, ఈ భాష నీకెట్టా వొచ్చింది అని అడగలేదు. నేర్చుకున్నాడు, రాశాడు. ఇక్కడో? వేదం చెవినపడిన శూద్రుడి చెవుల్లో సీసం పోయమని గౌతమ ధర్మసూత్రం రాసింది.

ఆ 'ఇండికా'లో ఒక సంగతి కూడా వుంది. మౌర్యుల కొలువుకు వొచ్చిన మెగస్తనీస్ చెప్పినదాన్ని బట్టి, ఈ దేశంలో జనం ఏడు గుంపులుగా వున్నారనీ, ఒక గుంపువాళ్ళు ఇంకో గుంపులో పెళ్ళి చేసుకోకూడదనీ, పని మార్చుకోకూడదనీ అర్రియన్ రాశాడు. ఆ పుస్తకంలోనే భారతీయులంతా స్వేచ్ఛాపరులనీ, ఇక్కడ బానిసలే లేరనీ రాశాడు! మెగస్తనీస్ చూసింది రాజు కొలువు. వెలివాడ దాకా వొచ్చివుంటే ఆ రెండో మాట రాసేవాడా? ఇట్టాంటి ప్రశ్న వేయాలంటే ఆ పుస్తకం చదివే చదువు మనకుండాలి.

థియోక్రిటస్ అని క్రీ.పూ. 3వ శతాబ్దపు సిసిలీ కవి. పశులకాపర్ల మాటను కవిత్వంలోకి తెచ్చినవాడు. ఆయన రాసిన ఒక రచనలో సిసిలీ నుంచి వొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అలెగ్జాండ్రియా పట్నంలో తిరణాలకు పోతారు. జనంలో ఒకడు, వీళ్ళు నోరు అంతలావున తెరిచి సాగదీసి మాట్లాడుతున్నారని విసుక్కుంటాడు. అందులో ఒకామె వాడిమీద తిరగబడుతుంది. మా మీద అజమాయిషీకి నువ్వెవడివి, మా పూర్వీకులది ఫలానా ఊరు, డోరియన్లు డోరిక్ మాట్లాడకపోతే ఇంకేం మాట్లాడతారు అని దులిపేస్తుంది. ఆ కవిత రెండువేల రెండొందల ఏళ్ళుగా బతికుంది. ఒంగోలు బస్సులో "అట్టాగా, ఇట్టాగా" అన్నందుకు మన ఆడవాళ్ళను వెనక్కి తిరిగి చూసి నవ్వేవాళ్ళకు ఆ జవాబు చెప్పాలని మాకెప్పుడూ అనిపిస్తుంది.

అట్టని గ్రీకులు దేవతలని మేము చెప్పడంలేదు. ఏథెన్సు ప్రజాస్వామ్యం బానిసల వీపు మీద నిలబడింది. కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్ రాశాడు. పరాయి భాష వాళ్ళను 'బర్బరులు' అన్నారు, వాళ్ళ మాట బర బర అని వినపడుతుందని. క్రీ.పూ. 425లో ఆడిన అరిస్టొఫనీస్ నాటకంలో మెగరా ఊరి పేదోడు ఆకలికి తాళలేక కూతుళ్ళను పందిపిల్లలని చెప్పి అమ్మబోతాడు. వాడి యాస విని ఏథెన్సు జనం నవ్వుకున్నారు. మన సినిమాల్లో పనివాళ్ళకు పెట్టే యాస లాంటిదే అది. ఇదంతా తెలియాలన్నా చదవాల్సిందే. దండం పెట్టడానికి కాదు, నిలదీయడానికి.

ఇప్పుడు మన బళ్ళలోకి రండి. నన్నయ భాష ఈ జిల్లాలో ఏ కులపోడి ఇంట్లోనూ మాట్లాడరు. అది అందరూ బడిలో నేర్చుకోవాల్సిందే. అయినా అది కొందరికి వారసత్వంగానూ, మనకు అరువుగానూ ఎందుకు కనపడుతున్నది? గిడుగు రామమూర్తి గారు గ్రాంథికం మీద పోరాడారు, సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు బళ్ళు పెట్టారు. ఆ మేలు మరువలేం. కానీ ఆ పోరాటం చివరకు నిలబెట్టింది శిష్టుల వాడుక భాషను. శిష్టులంటే ఎవరో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయం మాటలను జిల్లాలవారీగా ఏరి పెట్టింది. ఆ మాటలు నిఘంటువుకు ఎక్కాయి, మన పిల్లల పరీక్ష కాగితానికి మాత్రం ఎక్కలేదు. మేము చదువుకునే రోజుల్లో ఒక కాలేజీలో 'సదువు' అన్నందుకు క్లాసంతా నవ్వింది, పాఠం చెప్పేవాడూ నవ్వాడు. ఈరోజుకీ ఎర్రసిరా గీతలు పడేది మన పిల్లల మాటల మీదే. అట్టా గీతలు పడీపడీ, నాకు భాష రాదు అనుకుని ఎనిమిదో తరగతిలో బడి మానేసి మిరపతోటకు పోయే పిల్లలు మాకు తెలుసు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వొచ్చిందని సంబరాలు చేశారు. ఆ హోదాలో ఆ పిల్లల వాటా ఎంత?

దీనికి జవాబు పాత భాషలను వొదిలేయడం కాదు. అమెరికాలో ఏం జరిగిందో చూడండి. నల్లవాడికి గ్రీకు వ్యాకరణం వొస్తే అప్పుడు వాణ్ణి మనిషిగా ఒప్పుకుంటానని దక్షిణాది నాయకుడు కాల్హూన్ అన్నాడని చెప్పుకుంటారు. బానిసలకు చదువు చెబితే నేరమన్న జార్జియా రాష్ట్రంలో 1852లో బానిసగా పుట్టిన విలియం శాండర్స్ స్కార్‌బరో దొంగచాటుగా అక్షరాలు నేర్చుకున్నాడు. 1881లో గ్రీకు నేర్చుకునేవాళ్ళకు మొదటి పాఠాల పుస్తకం తనే రాసి అచ్చేశాడు. విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో గ్రీకు చెప్పి, 1908లో దానికే అధ్యక్షుడయ్యాడు. బాబాసాహెబ్‌ను బడిలో సంస్కృతం తీసుకోనివ్వలేదు, పర్షియన్‌తో సరిపెట్టుకోమన్నారు. ఆయన తర్వాత సంస్కృతం నేర్చుకున్నాడు, ఆ శాస్త్రాలను వాళ్ళ ముందే విప్పి 1946లో 'శూద్రులెవరు?' అని అడిగాడు. మన వినుకొండ గుర్రం జాషువా కావ్యభాషను పట్టుబట్టి నేర్చుకున్నాడు. కాళిదాసు మేఘం చేత కబురు పంపితే, జాషువా 1941లో గబ్బిలం చేత పంపాడు. గుళ్ళోకి మనిషికి లేని దోవ గబ్బిలానికి వుంది గనక. ఆయన ఆ భాష నేర్చుకోకుండా వుంటే ఆ దెబ్బ ఆ చోట తగిలేదా?

గ్రీకు కష్టం కదా అంటారు. బడిపంతుళ్ళుగా చెబుతున్నాం, తెలుగు పిల్లలకు అది ఇంగ్లీషు వాళ్ళకున్నంత కష్టం కాదు. అక్షరాలు 24 మాత్రమే. మన 'చేస్తాను, చేస్తావు'లో చివరి ముక్కే ఎవరు చేస్తారో చెప్పినట్టు గ్రీకు క్రియ కూడా చెబుతుంది. విభక్తులు మనకు పుట్టినప్పట్నించీ తెలుసు. మాటల వరసను అటూఇటూ మార్చినా అర్థం చెడదు, మన భాషలో లాగే. చాలా వ్యాకరణాల్లో పిల్లలు మొదట వల్లెవేసే క్రియ 'లూఓ'. లూఓ, లూఎయిస్, లూఎయి. విప్పుతాను, విప్పుతావు, విప్పుతాడు. కట్టు విప్పడమని అర్థం. మన పిల్లలు మొదలుపెట్టడానికి అంతకంటే మంచి మాట ఏముంటుంది?

కూడు సంగతి మేము మరవలేదు. డీఎస్సీ రాయాలి, ఇంగ్లీషు రావాలి, ఉద్యోగం కావాలి. అవన్నీ చేసే వందమందిలో ఒక్కరిద్దరినైనా ఈ చదువుకు వొదలండి అని అడుగుతున్నాం. ఆడపిల్ల అడిగితే ఇంకా ముందు వొదలండి. బోధకురాలిగా ఒప్పుకునేదెవరని సంఘం పెద్దలు అడ్డం పడితే, పుస్తకం చదవడానికి మీ అనుమతి దేనికని అడగండి. దైవశాస్త్ర కళాశాలల్లో చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పరీక్ష కాగానే గ్రీకు పుస్తకం అటకెక్కించకండి. వొచ్చే ఆదివారం ఫలము అన్నచోట కూలి అని చెప్పండి, యాకోబు 5వ అధ్యాయం పల్లె మాటలో వినిపించండి, కోతల కూలి రేటు తేల్చుకునే రోజుల్లో మరీ గట్టిగా వినిపించండి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలను కొయినే ఒక్కటే కాదు, హోమర్ దగ్గర్నించి థియోక్రిటస్ దాకా మొత్తం గ్రీకు చదివే వీలు, దానికి తగిన స్కాలర్‌షిప్పు అడుగుదాం. తోటి పంతుళ్ళారా, పిల్లవాడు 'సేను' అని రాస్తే కొట్టేయకండి. పక్కన 'చేను' అని రాసి, రెండూ చూపించి, ఇది మీ ఇంటి మాట, ఇది పుస్తకం మాట, రెండూ నీవే అని చెప్పండి.

ఈ సంవత్సరం మన మండలం నుంచి ఒక్క పిల్ల గ్రీకు అక్షరాలు దిద్దినా ఈ పత్రికకు రాయండి. పుస్తకాలకూ దారిఖర్చులకూ చందాలు వేసుకునే పని మేము చూసుకుంటాం.

జై భీమ్.